నియమగిరి వద్దంది, మరి లంజిగఢ్‌కి రాయి ఎక్కణ్ణుంచి వస్తోంది?

(రాయగడలో తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం. చివర్లో సభలోంచి వచ్చిన ఒక ప్రశ్న, దానికి జవాబు.)

అందరికీ నమస్కారం. వెనక గోడ దగ్గర నిలబడ్డ తమ్ముళ్లు లోపలికి రండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి.

నియమగిరి గురించి చెప్పమంటే ఎవరైనా ఒకేలా చెప్తారు. బాక్సైట్ తవ్వడానికి వేదాంత అనే పెద్ద కంపెనీ వచ్చింది, కొండ మీద బతికే డొంగ్రియా కోందులు అడ్డం నిలిచారు, సుప్రీంకోర్టు ఊళ్లని అడగమంది, పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి, కొండ దక్కింది. ఇందులో అబద్ధమేమీ లేదు. తీర్పు 2013 ఏప్రిల్ 18న వచ్చింది. జూలై 18న సెర్కపాడిలో మొదటి సభ, ఆగస్టు 19న జరపాలో ఆఖరి సభ. ఏడు ఊళ్లు మన జిల్లావి, ఐదు కలహండివి. జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదురుగా కూర్చున్నారు. 2014 జనవరిలో కేంద్రం అటవీ అనుమతి ఇవ్వనని తేల్చింది. 2016లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ మళ్లీ తలుపు తడితే సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది.

కొండ కింద లంజిగఢ్‌లో ఆ కంపెనీ కట్టిన రిఫైనరీ, అంటే బాక్సైట్ రాయిని అల్యూమినా పొడిగా మార్చే కర్మాగారం, దాని సంగతి మాత్రం ఈ కథలో రాదు. అది మూతపడలేదు. రాయి దొరక్క 2012 డిసెంబరులో ఆపారు. 2013 జూలైలో, అంటే సభలు మొదలైన నెలలోనే, మళ్లీ నడిపించారు. రాయి బయటి రాష్ట్రాల నుంచి వచ్చింది, సముద్రం దాటి గినీ దేశం నుంచి వచ్చింది, 2018 నుంచి కోరాపుట్, రాయగడ సరిహద్దులోని కొడింగమాలి నుంచి వచ్చింది. రిఫైనరీ ఆగకపోవడమే కాదు, పెరిగింది కూడా. ఒక కొండ కాదంటే పెట్టుబడి పక్క కొండ దగ్గరికి వెళ్లింది. నియమగిరి గెలుపుని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ గెలుపు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడకపోతే తిజిమాలి, మాలి పర్బత్ కొండల దగ్గర ఏం చేయాలో మనకి తెలీదు.

ముందు లెక్క చూద్దాం. లెక్కలంటే చాలామందికి చిరాకు, కానీ పెట్టుబడి మాట్లాడే భాష అదే.

ఇక్కడి బాక్సైట్ సుమారు మూడు టన్నులు ఉడికిస్తే టన్ను అల్యూమినా. ఆ తెల్ల పొడి రెండు టన్నులు కరిగిస్తే టన్ను అల్యూమినియం. అంటే ఒక టన్ను గిన్నెల వెనక ఆరు టన్నుల కొండ ఉంది. టన్ను అల్యూమినాకి టన్ను నుంచి టన్నున్నర దాకా ఎర్ర బురద మిగులుతుంది, అందులో కాస్టిక్ సోడా ఉంటుంది. దాన్ని అమ్మడానికి లేదు, పారబోయడానికి లేదు, కట్ట కట్టి నిలవపెట్టాల్సిందే. లోహం కరిగించడానికి టన్నుకి దాదాపు 14,000 యూనిట్ల కరెంటు. నెలకి 100 యూనిట్లు కాల్చే ఇల్లు పదకొండేళ్ల పైన వాడుకునే కరెంటది. అందుకే లోహం కరిగించే కర్మాగారం, స్మెల్టర్, కొండ దగ్గర ఉండదు, బొగ్గు దగ్గర ఉంటుంది. లంజిగఢ్ పొడి ఝార్సుగూడ వెళ్తుంది. దామన్‌జోడి రిఫైనరీ పొడిలో ఎగుమతికి పోయేది కొత్తవలస లైను మీద విశాఖ రేవుకి దిగుతుంది.

ఇప్పుడు నియమగిరి పైన ఉందన్న రాయి 7 కోట్ల 20 లక్షల టన్నులు. రిఫైనరీ మొదటి సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నుల అల్యూమినా, దానికి 30 లక్షల టన్నుల రాయి కావాలి. భాగించండి, 24 ఏళ్లు. సరే. తర్వాత దాన్ని 60 లక్షల టన్నులకి పెంచుతామన్నారు. అప్పుడు ఏడాదికి కోటీ 80 లక్షల టన్నుల రాయి. మళ్లీ భాగించండి. నాలుగేళ్లు! నాలుగేళ్ల రాయి కోసం అంత కర్మాగారం ఎవరూ కట్టరు. కాబట్టి విస్తరణ కాగితం పెట్టిన రోజే మిగతా కొండలన్నీ ఆ పద్దులోకి ఎక్కాయి. నియమగిరి సంతకం పెట్టి ఉన్నా తిజిమాలికి నోటీసు వచ్చేదే. పక్కవాళ్లు ఒప్పుకుంటే మనం తప్పించుకుంటాం అనుకునే ఊరికి ఈ భాగాహారం చూపించండి.

ఇది ఒక యజమాని దురాశ గురించిన మాట కాదు. మంచి యజమాని వచ్చినా ఇంతే. రిఫైనరీలో పోసిన డబ్బు ఇనుముగా, గొట్టాలుగా, బాయిలర్లుగా బిగుసుకుపోయి ఉంది. అది నడిచిన రోజే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఆగిన రోజు వడ్డీ నడుస్తుంది, తుప్పు పడుతుంది. అందుకే గని అనుమతి రాకముందే రిఫైనరీ కట్టేశారు. ఇంత ఖర్చు పెట్టాం, ఇప్పుడు కాదంటారా అని తర్వాత అడుగుతారు. పొయ్యి ముందు వెలిగించి, పక్కింటి కట్టెలు అడగడం లాంటిది. ఊళ్లవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఒకటే: గని మీద పోరు గని దగ్గర మొదలుపెడితే ఆలస్యమైనట్టే. కర్మాగారానికి భూమి కొలిచే రోజునే రాయి ఎక్కడిదని అడగాలి.

మనకి వచ్చేదేమిటి? అల్యూమినియం తయారీకి వెళ్లే బాక్సైట్ మీద రాయల్టీ, రాయిలో ఇమిడి ఉన్న లోహానికి లండన్ మార్కెట్ ధరలో 0.60 శాతం. లెక్క సులువు కావడానికి లోహం టన్ను 2 లక్షల రూపాయలు అనుకుందాం. ఒక టన్ను లోహం ఉన్న రాయికి రాయల్టీ 1,200 రూపాయలు. అది రాష్ట్ర ఖజానాకి. దాని మీద జిల్లా ఖనిజ నిధికి, 2015 సవరణ ప్రకారం, పాత లీజైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన లీజైతే 10 శాతం. అంటే 360 రూపాయలు, లేకపోతే 120. వేలం గనుల్లో ప్రీమియం అదనంగా వస్తుంది, అదీ ఖజానాకే. రెండు లక్షల్లో నూట ఇరవై. ఆ నూట ఇరవైతో రోడ్డు వేస్తే, ఆ రోడ్డు మీద మొదట తిరిగేది టిప్పరే.

మార్క్స్ పేరు ఎత్తగానే ఫ్యాక్టరీ, కూలీ గుర్తొస్తాయి. ఆయన కలం మొదట ఆర్థిక విషయాల వైపు తిరిగింది అడవి మీద. 1842లో రైన్‌లాండ్ చట్టసభ, అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని దొంగతనంగా రాయబోతుంటే పత్రికలో వ్యాసాలు రాశాడు. పుల్ల ఎప్పటినుంచో బీదలది. ఒక చట్టంతో అది అడవి యజమానిది అయింది, ఏరుకున్న ముసలమ్మ దొంగ అయింది. మన్యంలో ఎవరికైనా ఈ సంగతి విడమరిచి చెప్పాలా? పోడు కొట్టినవాడి మీద కేసు, కొండ కొట్టినవాడికి లీజు. కొండ నెత్తిన గడ్డి తప్ప చెట్లుండవు కాబట్టి కాగితాల్లో అది బంజరు. ఆ బోసి నెత్తే వానని పట్టి, బాక్సైట్ పొరలో నిలిపి, ఎండాకాలం దాకా ఊటలుగా వదుల్తుంది. ఆ పొర కింద ఉండే రాయిని భూగర్భ శాస్త్రం ఖోండలైట్ అంటుంది. కోందుల పేరే పెట్టారు రాయికి. పేరు రాయికి, పట్టా ఇంకెవరికో.

ఇక్కడ కూర్చున్న తెలుగువాళ్లకి ఇది కొండోళ్ల గొడవలా అనిపించవచ్చు. నాగావళి, వంశధార రెండూ ఈ కొండల వైపు నుంచే వస్తాయి. ఒకటి మన రాయగడ మీదుగా తోటపల్లికి, ఒకటి గుణుపురం మీదుగా గొట్టా బ్యారేజీకి. శ్రీకాకుళం వరి మడి ఈ గొలుసులో ఆఖరి లంకె. ఇంకో సంగతి, 1936 ఏప్రిల్ 1 దాకా కోరాపుట్ అంతా విశాఖ జిల్లాలోదే. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాడు కొనకూడదన్న 1917 మద్రాసు చట్టమే ఆంధ్రాలో 1959 రెగ్యులేషన్‌కీ, ఇక్కడ 1956 రెండో నంబరు రెగ్యులేషన్‌కీ తల్లి. రాష్ట్రాల మధ్య గీత తర్వాత గీశారు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఆంధ్ర షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు చెల్లదంది. ఆ బలం గీత ఇవతలికి రాలేదు. అక్కడ చెల్లనిది ఇక్కడ చెల్లుతుంటే, అక్కడ ఆగిన డబ్బు ఎటు నడుస్తుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మనలో మనకున్న పేచీ. నియమగిరి ఉద్యమంలో ఒకే రంగు లేదు. సోషలిస్టులున్నారు, ఎర్రజెండా పార్టీలున్నాయి, పర్యావరణం వాళ్లు, విదేశీ సంస్థలు ఉన్నారు. బయటి ప్రపంచానికి ఎక్కువగా చేరిన మాట దేవుడిది: నియమరాజు కొండ, పవిత్ర స్థలం. కోర్టు తీర్పులో కూడా మత, సాంస్కృతిక హక్కులకి పెద్ద చోటుంది. ఆ వాదన గెలిచింది, కాబట్టి దాన్ని వెక్కిరించే హక్కు మనకి లేదు. కానీ దానిలో ఒక ఉచ్చుంది. దేవుడి పేరు రికార్డులో ఎక్కని కొండ సంగతేంటి? నీ దేవుడున్న చోటు ఇంత మేర, చుట్టూ కంచె వేస్తాం, మిగతాది తవ్వుతాం అంటే ఏం చెప్తాం? సభల్లో మాట్లాడిన కోందులు ఈ ఉచ్చులో పడలేదు. దేవుడితో పాటు ఊట, పోడు, అనాస, పసుపు, కందులు అన్నీ చెప్పారు. వాళ్లకి అవి వేర్వేరు పద్దులు కావు. పవిత్రత ఒక్కటే తీసుకుని బతుకుతెరువుని వదిలేసింది బయట రాసినవాళ్లే.

వాటాదారుల మీద ఒత్తిడి కూడా అంతే. 2007లో నార్వే పెన్షన్ నిధి, 2010లో ఇంగ్లండ్ చర్చి వేదాంతలో తమ వాటాలు అమ్మేశాయి. పేరు పోయింది, మంచిదే. అమ్మిన వాటా ఇంకొకడు కొన్నాడు. కాశీపూర్‌లో చూడండి. 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి ఉత్కల్ అల్యూమినా ప్రాజెక్టు నుంచి నార్వే కంపెనీ హైడ్రో తప్పుకుంది, తర్వాత కెనడా అల్కాన్ తప్పుకుంది. ఉత్కల్ అల్యూమినా మిగిలింది, బాఫ్లిమాలి కొండని తవ్వుతోంది.

సరే, చేతికి పనికొచ్చే మాటలు. గ్రామసభ.

ఒడిశాలో మొదటి గందరగోళం పేరులోనే ఉంది. పంచాయతీ చట్టంలో గ్రామసభ అంటే పంచాయతీ మొత్తానిది, ఊరిది పల్లి సభ. అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ అంటే ఊరిదే, షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న గూడేనికి కూడా విడిగా ఉండొచ్చు. పంచాయతీ ఆఫీసులో కూర్చుని పదిహేను ఊళ్ల పేరున తీర్మానం చేశామంటే మొదటి అభ్యంతరం అక్కడే రాయండి.

రెండోది కోరం, అంటే సభ చెల్లాలంటే ఉండాల్సిన కనీస మంది. అటవీ హక్కుల చట్టం 2012 నియమాల ప్రకారం ఊరి పెద్దవాళ్లలో సగం మంది ఉండాలి, హాజరైనవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఊళ్లో 120 ఓట్లుంటే 60 మంది, అందులో కనీసం 20 మంది ఆడవాళ్లు. వరినాట్ల రోజు, సంత రోజు సభ పెడితే కోరం రాదు. డొంగ్రియా ఆడవాళ్లు బుధవారం చాటికోన సంతకి దిగుతారని తెలిసి బుధవారమే సభ పెడితే, అది పొరపాటనుకోకండి.

మూడోది పుస్తకం. విడి కాగితం మీద తీర్మానం రాయకండి. కుట్టిన పుస్తకం, ప్రతి పేజీకి అంకె, పాత తీర్మానం ముగిసిన చోటే కొత్తది, ఖాళీ మిగిలితే అడ్డంగా కొట్టేయాలి. హాజరు సంతకాలు తీర్మానం చదివి వినిపించాకే, తీర్మానం కిందే. ముందు తీసుకోవద్దు. పింఛను పంచేటప్పుడు, దోమతెరలు ఇచ్చేటప్పుడు వేయించుకున్న వేలిముద్రల కాగితం పైన తీర్మానం అతికించడం చాలా తేలిక. వేలిముద్ర పక్కన పేరు, భర్త లేక తండ్రి పేరు, ఇంటి గుర్తు. తీర్మానం ఒడియాలో రాస్తారు, ఊరు మాట్లాడేది కోందుల భాష కువి. చదివి కువిలో చెప్పిన మనిషి పేరు కూడా తీర్మానంలోనే రాయించండి, రేపు మాకు అర్థం కాలేదన్న మాటకి సాక్ష్యం అదే. అన్ని పేజీలూ ఫోన్లో ఫోటో. ఒక ప్రతి కలెక్టరాఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్ పోస్టు. అవతలివాళ్ల దగ్గర ఏ తీర్మానం ఉందో తెలుసుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయలు, ముప్పై రోజులు.

ఎందుకింత చాదస్తం? తిజిమాలి చూడండి, కాగితాల్లో సిజిమాలి. 31 కోట్ల టన్నుల రాయి, 2023లో వేలం. ఆ ఏడాది డిసెంబరు 8న ఒక్కరోజే పది ఊళ్లలో సభలు జరిగి ఒప్పుకున్నాయని రికార్డు. అలాంటి సభలే జరగలేదని ఊళ్లవాళ్లు అంటున్నారు. ఎవరిది నిజమో తేల్చే చోట ఊరి దగ్గర తన పుస్తకం లేకపోతే, ఊరి మాట వట్టి మాటే.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ వేరు, దాన్ని గ్రామసభతో కలపకండి. దానికి 30 రోజుల ముందు నోటీసు, వీడియో ఉంటాయి, కోరం అక్కర్లేదు, ఓటు లేదు. వెయ్యిమంది వద్దన్నా అది అభిప్రాయమే. అయినా వెళ్లాలి. ఆఖర్లో మినిట్స్ స్థానిక భాషలో చదివి వినిపించాలని నియమం ఉంది, అది అయ్యేదాకా కదలొద్దు. ఇంకో చిక్కు: 2022 అటవీ నియమాల తర్వాత కేంద్రం అనుమతి ముందు, హక్కుల పరిష్కారం రాష్ట్రం చేతుల్లో తర్వాత. బండి కట్టాక ఎద్దుని అడగడం. అందుకే సామూహిక అటవీ వనరుల హక్కు దరఖాస్తు, ఫారం సి, కంపెనీ రాకముందే వేసి ఉంచండి.

ఇప్పుడు చేదు మాట. కోందు ఊరి అంచున డొంబుల వీధి ఉంటుంది. వాళ్లు ఎస్సీలు, అటవీ హక్కుల చట్టం వాళ్లని ఇతర సంప్రదాయ అటవీ నివాసులంటుంది, 75 ఏళ్ల నివాసం రుజువు అడుగుతుంది. కోందుకి 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే చాలు. ఈ తేడాతో ఒక ఊరు రెండవుతుంది. దళారి ముందు వెళ్లేది ఆ వీధికే: కొండ వాళ్లది, మీకు ఉద్యోగం వస్తుంది. వాళ్లకి భూమి లేదు కాబట్టి ఆ మాట చెవికెక్కుతుంది. గ్రామసభలో వాళ్ల ఓటూ ఓటే. పెద్దల వాంగ్మూలం రుజువుగా చెల్లుతుందని నియమం 13 చెప్తోంది, కోందు పెద్దలు డొంబుల తరఫున ఆ వాంగ్మూలం ఇస్తే సగం చీలిక అక్కడే మూసుకుంటుంది. ఇవ్వని ఊళ్లో ఐక్యత గురించి ఉపన్యాసాలు దండగ.

షావుకార్ల సంగతీ ఇదే. కొండ మీద పసుపు గంపలెక్కన కొని, ఊళ్లో కాటా మీద అమ్మే మనిషి ధర్నాకి చందా ఇస్తే తీసుకోండి, వేదిక మాత్రం ఇవ్వకండి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనులు కోరన్న, మంగన్నల్ని చంపింది కంపెనీ కాదు, భూస్వాములు. శ్రీకాకుళం గిరిజన సంఘం మొదలైంది కూలి రేటు దగ్గర, అప్పు పద్దు దగ్గర. సంతలో కాటా సరిచేయలేని సంఘం, గని ఎలా ఆపుతుంది?

రోడ్డు మీద కూర్చోవాలంటే ముందు తిండి. 200 మంది మూడు రోజులు, మనిషికి రోజుకి అరకిలో గింజలు అంటే 300 కిలోలు. 60 ఇళ్లు ఇంటికి 5 కిలోలు. డబ్బు చందా కన్నా ఇది మేలు, ఎవరో తినేశారన్న అనుమానం రాదు. తర్వాత జామీను. పోడు రైతుకి పట్టా ఉండదు, కోర్టు పట్టా ఉన్న జామీనుదారుని అడుగుతుంది. బెయిలొచ్చినా జైల్లోనే ఉండిపోయేది అందుకే. పట్టా ఉండి, పూచీ పడతామనే వాళ్ల జాబితా ఊరేగింపుకి ముందే తయారుగా ఉండాలి. గుమిగూడొద్దని ఉత్తర్వులిచ్చే సెక్షన్, మనం 144 అని పిలిచేది, 2024 జూలై 1 నుంచి 163. ఎస్టీలకి, ఆడవాళ్లకి జిల్లా న్యాయ సేవా సంస్థలో లాయరు ఉచితం, అడిగితేనే ఇస్తారు.

*సభలోంచి ప్రశ్న: మా తమ్ముడు రిఫైనరీలో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. మీరు చెప్పినట్టు గొలుసు ఆపితే మా ఇంట్లో పొయ్యి కూడా ఆరిపోతుంది కదా బాబూ?*

అడగాల్సిన ప్రశ్నే అడిగావమ్మా. దీనికి జవాబు లేకుండా కొండ మీద మాట్లాడినంత కాలం మనం ఓడుతూనే ఉంటాం. మీ తమ్ముడు పని మానెయ్యాలని ఎవరూ అనకూడదు. కొండ వద్దనేవాళ్లు రిఫైనరీ గేటు దగ్గరకెళ్లి మొదట అడగాల్సింది నాలుగు: కూలి బ్యాంకులో పడుతోందా, పీఎఫ్ నంబరు చేతికొచ్చిందా, ఎర్ర బురద కట్ట మీద పనిచేసేవాళ్లకి బూట్లు, గ్లవ్స్, కళ్లకి నీళ్లు దగ్గర్లో ఉన్నాయా, కాంట్రాక్టరు మారినప్పుడు పాత మనిషి పని నిలుస్తోందా. కాస్టిక్ పడితే చర్మం ముందు నొప్పి పెట్టదు, సబ్బులా జారుగా తగుల్తుంది, అందుకే ఆలస్యమవుతుంది. వెంటనే చాలాసేపు నీళ్లతో కడగాలి. ఈ మాట వాళ్లకి కొండ సంఘం నుంచి వెళ్తే, కొండ మాట వాళ్ల చెవిన పడుతుంది.

రెండోది, రాయి ఎన్నాళ్లకి సరిపోతుందో మీ తమ్ముడికి చూపించు. ఇందాకటి భాగాహారమే. కొండ అయిపోతే యంత్రాలు వేరే చోటికెళ్తాయి, మీ తమ్ముడు వెళ్లలేడు. కట్ట వెనక బురద ఇక్కడే ఉంటుంది. ఆ కట్టని కాపాడే పని మూతపడ్డాక కూడా ఏళ్ల తరబడి ఉంటుంది. దానికి జీతం ఎవరివ్వాలో ఇప్పుడే, గేటు తెరిచి ఉండగానే, రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం మీద కొండ మనిషి, గేటు మనిషి ఇద్దరూ సంతకం పెట్టాలి.